470 కిలోలు ఎవరూ ఎత్తలేదండీ

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ క్రీడల పేజీలో అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల గురించి, అందులోనూ పురుషుల హెవీవెయిట్ విభాగం గురించి ఒక వార్త వేశారు. పేజీ అడుగున ఒక మూలన, సరిగ్గా నాలుగు లైన్లు. ఫలానా దేశం లిఫ్టర్ నాలుగొందల అరవై ఎన్నో కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడని అందులో ఉంది. పైన ఒక ఫొటో వేశారు, అందులో మనిషి ముఖం కంటే పొట్టే ఎక్కువ కనిపిస్తోంది. కింద 'భారీకాయుడి బలప్రదర్శన' అని క్యాప్షన్. అది చదివి మా పిల్లాడు "అన్ని కిలోలూ ఒకేసారి ఎత్తేశాడా?" అని అడిగాడు. వాడిదేం తప్పు లేదు, మీరు రాసింది అలాగే ఉంది మరి.

లేదండీ, ఎత్తలేదు. ఈ భూమ్మీద ఇప్పటివరకు ఒలింపిక్ పద్ధతిలో ఎవరూ తలపైకి ఎత్తి నిలబెట్టనంత బరువది. పారిస్ ఒలింపిక్స్‌లో జార్జియా లిఫ్టర్ లాషా తలాఖద్జే గెలిచినప్పుడు కూడా అందరూ '470 కిలోలు ఎత్తాడు' అనే చెప్పుకున్నారు. ఆయన ఎత్తింది స్నాచ్‌లో 215, క్లీన్ అండ్ జెర్క్‌లో 255. ఈ రెండూ కలిపితే 470. స్నాచ్ అంటే నేలమీద ఉన్న బార్‌ని మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపులో తలపైకి తీసుకెళ్లాలి. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదకి తెచ్చుకుని, లేచి నిలబడి, ఊపిరి తీసుకుని, అక్కడినుంచి తలపైకి తొయ్యాలి. ఒక్కోదానికి మూడేసి అవకాశాలు, రెంటిలోనూ ఎక్కువ ఎత్తినవి కలుపుతారు. నేను చెప్పమంటున్నది ఇంతే, పెద్ద శాస్త్రమేం కాదు. లాంగ్‌జంప్‌లో ఒకడు దూకిన దూరాన్నీ హైజంప్‌లో దూకిన ఎత్తునీ కలిపి 'పది మీటర్లు దూకాడు' అని మీరెప్పుడూ రాయరు కదా.

కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం గెలిచినప్పటి నుంచీ ఇదే వరస. 240 కిలోలు అని గుర్తున్నవాళ్లు బోలెడుమంది, అది 110, 130 కలిపితే వచ్చిందని గుర్తున్నవాళ్లు తక్కువ. చివరి అటెంప్ట్‌కి ఆమె 137.5 అడిగిందనీ, అది అందుంటే పతకం రంగే మారేదనీ గుర్తున్నవాళ్లు ఇంకా తక్కువ. అసలు కథంతా ఆ చివరి అటెంప్ట్‌లోనే ఉంది, మొత్తం అంకె మాత్రమే వేస్తే అది మాయమైపోతుంది.

ఎలా మాయమవుతుందో పారిస్ పోటీలోనే చూడండి. స్నాచ్ అయ్యేసరికి ముందున్నది లాషా కాదు, బహ్రెయిన్ తరఫున దిగిన గోర్ మినాస్యాన్. ఆయన 216 ఎత్తాడు, లాషా 215, అర్మేనియా కుర్రాడు వరాజ్దత్ లలయాన్ కూడా 215. అంటే సగం పోటీ అయ్యాక ముగ్గురి మధ్యా ఉన్న తేడా ఒక్క కిలో. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలున్న మనిషిని, ఇక ఎవరూ అందుకోలేరనుకున్న మనిషిని ఇద్దరు పట్టేసుకున్నారన్నమాట. తర్వాత క్లీన్ అండ్ జెర్క్‌లో మినాస్యాన్ 245 దగ్గర, లలయాన్ 252 దగ్గర ఆగారు, లాషా 255 ఎత్తాడు. చివరికి 470, 467, 461. సగం దాకా ముందున్నవాడు మూడో స్థానంలో తేలాడు, స్వర్ణానికీ రజతానికీ మధ్య మూడు కిలోలే. దీన్ని 'తలాఖద్జే మళ్లీ గెలిచాడు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పాఠకుడికి ఏం అందినట్టు?

అదే మనిషి అంతకు మూడేళ్ల ముందు టోక్యోలో 223, 265 ఎత్తి మొత్తం 488తో గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన ఇరాన్ లిఫ్టర్ అలీ దావూదీ మొత్తం 441. తేడా 47 కిలోలు, అంటే ఆ రోజు ఆయనకి పోటీ బార్‌తోనే గానీ మనుషులతో కాదు. టోక్యో, పారిస్ రెండు చోట్లా స్వర్ణమే, రెండు చోట్లా ఆయనే, కానీ ఆ రెండు సాయంత్రాలకీ పోలికే లేదు. మొత్తం అంకె ఒక్కటే చూస్తే పారిస్‌లో 18 కిలోలు తగ్గాడు కాబట్టి ఆట చప్పగా సాగిందనిపిస్తుంది. టీవీ ముందు కూర్చున్నవాడిగా చెప్తున్నాను, నాకు టెన్షన్ పెట్టింది పారిస్‌దే.

ఇప్పుడు ఆ పొట్ట సంగతి. హెవీవెయిట్ లిఫ్టర్ అనగానే తినడం, తూగడం గురించే రాస్తారు, మీరొక్కరే కాదు, అందరూ. ఈ విభాగానికి పై పరిమితి లేదు, బరువు ఎంతున్నా ఫరవాలేదు, అందుకే 150, 170 కిలోలు దాటినవాళ్లు కనిపిస్తారు. నడుము చుట్టూ, వీపు చుట్టూ ఉన్న ఆ మందం పనికొచ్చేదే, అంత బరువున్న బార్ ముందుకో వెనక్కో లాగుతున్నప్పుడు కింద నిలబడ్డ మనిషికి కూడా బరువుండాలి, లేకపోతే బార్ ఆయన్ని పట్టుకుపోతుంది. అలాగని ఒళ్లు పెరిగిన కొద్దీ బలం అదే లెక్కన పెరగదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో టర్కీకి చెందిన నయీమ్ సులేమనోగ్లు 60 కిలోల విభాగంలో ఉండి క్లీన్ అండ్ జెర్క్‌లో 190 ఎత్తాడు, అంటే తన బరువుకి మూడు రెట్ల పైన. లాషా 2021లో క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తిన 267 ఆయన సొంత బరువుకి ఒకటిన్నర రెట్ల దగ్గర ఉంటుంది. చిన్నవాళ్లని అభిమానించేవాళ్లు ఈ లెక్క చూపించి హెవీవెయిట్లది మొరటు బలం అంటుంటారు. నాకు ఆ వాదన నచ్చదు. కండ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, ఒంటి బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి పెద్దవాడు ఈ రెట్ల లెక్కలో ఎప్పుడూ ఓడిపోతాడు, అందులో వాడి నేరం ఏముంది? పైగా అంత ఒళ్లు పెట్టుకుని స్నాచ్‌లో బార్ కిందకి దూరి పూర్తిగా గొంతుక్కూర్చోవాలి, ఆ దూరడం ఒక సెకను కూడా పట్టదు. మీ ఫొటోగ్రాఫర్ ఆ క్షణాన్ని పట్టుకోగలిగితే పొట్ట ఫొటో మీరే పక్కన పడేస్తారు.

అసలు మీరు రాయాల్సింది వెనక గదిలో జరిగేదాని గురించి అంటాను. వార్మప్ రూంలో కోచ్‌లు చేతిలో కార్డు, నోట్లో పెన్ను పెట్టుకుని అటూ ఇటూ పరుగులు తీస్తుంటారు. బార్ మీద బరువు పెరగడమేగానీ తగ్గడం ఉండదు, తక్కువ అడిగినవాడు ముందు వస్తాడు. అడిగిన బరువుని ఒక్కో అటెంప్ట్‌కి రెండుసార్లు మార్చుకోవచ్చు. కాబట్టి నా లిఫ్టర్‌కి 250 రాసి, 251 అడిగిన అవతలివాడు తన వార్మప్ సరిగ్గా దానికి తగ్గట్టు పూర్తి చేసుకున్నాక నేను 252కి మార్చేస్తే, వాడు ఉన్నట్టుండి ముందుగా ప్లాట్‌ఫాం ఎక్కాల్సి వస్తుంది. లేదా తన అంకె పెంచుకోవాలి. పేరు పిలిచాక ఒక నిమిషమే టైం, తన వెనక తనే మళ్లీ రావాల్సి వస్తే రెండు నిమిషాలు. అంత బరువు ఎత్తి కిందకి దిగినవాడికి రెండు నిమిషాల్లో ఊపిరే సర్దుకోదు, మళ్లీ ఎక్కమంటారు. ఇదంతా చదరంగం, కాకపోతే పావులు 150 కిలోలుంటాయి.

2008 బీజింగ్ పోటీ ఈ లెక్కలకి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే మంచి ఉదాహరణ. రష్యాకి చెందిన యెవ్‌గెనీ చిగిషెవ్ స్నాచ్ 210, క్లీన్ అండ్ జెర్క్ 250తో మొత్తం 460 చేసి తన పని ముగించుకుని కూర్చున్నాడు. జర్మనీ లిఫ్టర్ మథియాస్ స్టైనర్ స్నాచ్‌లో 203 మాత్రమే ఎత్తాడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మొదటిది పోయింది, రెండోది 248 వచ్చింది. అంటే మొత్తం 451, ఇంకొక్క అటెంప్ట్ మిగిలింది. 257 ఎత్తితే ఇద్దరూ 460 దగ్గర సమానం, కానీ అప్పటి నిబంధన ప్రకారం సమానమైతే ఒళ్లు తక్కువ బరువున్నవాడిదే పైచేయి, అది చిగిషెవ్. కాబట్టి 258 కావాలి. ఒక్కసారిగా పది కిలోలు పెంచడం! ఈ స్థాయిలో కిలో, రెండు కిలోలకే మోకాళ్లు వణుకుతాయి. స్టైనర్ 258 వేయించాడు, భుజాల మీదకి తెచ్చుకున్నాడు, తలపైకి తోసి నిలబెట్టాడు, ఒక్క కిలో తేడాతో స్వర్ణం గెలిచాడు. ఏడాది ముందే ఆయన భార్య సుసాన్ కారు ప్రమాదంలో చనిపోయింది, పతకం మెళ్లో పడ్డాక ఒక చేత్తో పతకం, ఇంకో చేత్తో ఆమె ఫొటో పట్టుకుని పోడియం మీద నిలబడ్డాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ 258 ఎందుకు 258 అయ్యింది, 257 ఎందుకు కాకూడదు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఆ ఒక్క కిలో వెనకున్న లెక్క తెలిశాకే ఆ ఫొటో ఇంకా బరువెక్కింది. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో ఇదే స్టైనర్ 196 కిలోల స్నాచ్ చేయబోతుంటే బార్ మెడ వెనక పడి పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. లేచి జనానికి చెయ్యి ఊపి వెళ్లాడు. రిటైరయ్యాక నలభై కిలోల పైనే ఒళ్లు తగ్గించుకున్నాడు, అది కూడా పొట్ట ఫొటోలు వేసేవాళ్లకి చెప్పాలని.

సున్నా కూడా వార్తే అని మీ డెస్క్‌లో ఎవరైనా గుర్తుపెట్టుకుంటే బాగుండు. మీ పతకాల పట్టికలో ఎప్పుడూ ముగ్గురే ఉంటారు. మూడు అటెంప్ట్‌లూ పోతే మొత్తం లేదు, స్థానం లేదు, వచ్చిన దారే. 80 ప్రపంచ రికార్డులు పెట్టినవాడు, ప్రెస్ అనే మూడో లిఫ్టు కూడా కలిపి లెక్కించిన పాత కాలంలో మొట్టమొదట 600 కిలోల మొత్తం దాటినవాడు, మ్యూనిక్‌లో, మాంట్రియల్‌లో స్వర్ణాలు గెలిచినవాడు వసీలీ అలెక్సేయెవ్. 1980లో సొంత గడ్డ మీద, మాస్కోలో, స్నాచ్‌లో మూడుకు మూడూ పోగొట్టుకుని వెళ్లిపోయాడు. 2016 రియోలో ఇరాన్ లిఫ్టర్ బెహ్దాద్ సలీమీ కథ ఇంకా ఘోరం. లాషా 215తో స్నాచ్ రికార్డు బద్దలుకొడితే కాసేపటికే ఈయన 216 ఎత్తి దాన్నీ లాగేసుకున్నాడు. క్లీన్ అండ్ జెర్క్‌లో మొదటి 245 పోయింది. రెండోసారి 245 ఎత్తితే రెఫరీలు సరే అన్నారు, తెల్ల లైట్లు వెలిగాయి, మనిషి సంబరపడిపోయాడు, అంతలో పక్కన కూర్చున్న జ్యూరీ మోచెయ్యి సరిగ్గా లాక్ కాలేదంటూ ఆ తీర్పుని తిప్పేసింది. మూడోదీ రాలేదు. కొత్త ప్రపంచ రికార్డు పెట్టినవాడికి ఆ రాత్రి మొత్తం స్కోరే లేదు. జ్యూరీది తప్పా ఒప్పా అని ఇప్పటికీ కొట్టుకునేవాళ్లున్నారు, నేను ఆ వీడియో పదిసార్లు చూసి ఐదుసార్లు అటూ ఐదుసార్లు ఇటూ అయ్యాను. ఇప్పుడు వీడియో రీప్లే, కోచ్ చేతికి ఛాలెంజ్ కార్డు వచ్చాయి కాబట్టి కొంత నయం. కానీ మోచెయ్యి చివర్లో కాస్త వంగి మళ్లీ సాగిందా లేదా అన్నది రీప్లేలోనూ కంటిచూపు మీద ఆధారపడిందే.

ఇంకొకటి, దీని గురించి మీరు ముందుగానే జాగ్రత్త పడాలి. 'ప్రపంచ రికార్డు' అని రాసేటప్పుడు ఏ విభాగంలో రికార్డో చూసుకోండి. ఈ ఆటలో విభాగాలు మార్చినప్పుడల్లా రికార్డుల పలక తుడిచేసి మళ్లీ మొదలుపెడతారు. పాత రోజుల్లో పై విభాగం +110, 1993లో +108 అయ్యింది, 1998లో +105, 2018లో +109, ఒక్క పారిస్ ఒలింపిక్స్‌కి +102, 2025 జూన్ నుంచి మళ్లీ +110. గిరగిరా తిరిగి మొదటికే వచ్చింది. 1988 నవంబర్‌లో కాన్‌బెర్రాలో సోవియట్ లిఫ్టర్ లియోనిద్ తరనెంకో క్లీన్ అండ్ జెర్క్‌లో 266 ఎత్తాడు. 1993లో ఆ రికార్డుని కాగితం మీద కొట్టేశారు. కాగితం మీద కొట్టేసినా జనం బుర్రల్లోంచి పోదు కదా, ఇరాన్‌కి చెందిన హుస్సేన్ రెజాజాదే 2004 ఏథెన్స్‌లో 263.5 ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు కూడా పాతవాళ్లు '266 ఏది?' అనే అడిగారు. దాన్ని నిజంగా దాటడానికి 33 ఏళ్లు పట్టింది. 2021 డిసెంబర్‌లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో లాషా 267 ఎత్తాడు. అదే రోజు స్నాచ్ 225, మొత్తం 492. ఇప్పుడు +109 విభాగమే పోయింది కాబట్టి ఈ మూడు అంకెలూ అధికారిక పట్టికలో ముందుకు సాగవు. రేపెవరో అంతకంటే చాలా తక్కువ ఎత్తి కొత్త విభాగంలో ప్రపంచ రికార్డు పెడతారు, ఏజెన్సీ వాళ్లు అలాగే పంపిస్తారు, మీరూ అలాగే వేస్తారు. వేయండి, తప్పు కాదు, కానీ పక్కన బ్రాకెట్లో '+110 విభాగంలో' అని ఒక్క ముక్క కలపండి. లేకపోతే పాత అంకెలు తెలిసిన పాఠకుడు మీ పత్రికే తప్పు రాసింది అనుకుంటాడు.

డోపింగ్ గురించి కూడా దాటవేయలేను, దాటవేస్తే నన్ను అభిమాని అనరు, భజనపరుడు అంటారు. 2015లో హ్యూస్టన్ ప్రపంచ పోటీల్లో రష్యాకి చెందిన అలెక్సీ లోవ్‌చెవ్ మొత్తం 475 ఎత్తాడని అన్ని పత్రికలూ వేశాయి, తర్వాత పరీక్షలో పట్టుబడ్డాడు, రికార్డు, టైటిల్ రెండూ పోయాయి, ఆ టైటిల్ లాషాకి వచ్చింది. ఆ లాషా కూడా 2013లో స్టానొజొలాల్ అనే నిషేధిత స్టెరాయిడ్‌తో పట్టుబడి రెండేళ్లు నిషేధం అనుభవించినవాడే. ఆయన్ని ఇష్టపడే నేను ఇది రాయడానికి ఇబ్బందిపడ్డాను, అయినా రాశాను. లోవ్‌చెవ్ గెలుపుని పెద్దగా వేసినవాళ్లు రద్దుని ఎంత చిన్నగా వేశారో పాత పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. అంతర్జాతీయ సమాఖ్య సంగతి ఇంకా పెద్ద మచ్చ, 2020లో మెక్‌లారెన్ అనే న్యాయనిపుణుడు జరిపిన స్వతంత్ర విచారణ నివేదికలో ఒక కోటి నాలుగు లక్షల డాలర్లకి లెక్కలు లేవని, డోపింగ్ కేసులు తొక్కిపెట్టారని బయటపడింది. 2021 చివర్లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ తొలి జాబితాలో ఈ ఆటే లేదు, 2023 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో గానీ మళ్లీ చోటు దక్కలేదు. ఈలోగా టోక్యోలో 196 మంది లిఫ్టర్లుంటే పారిస్‌కి 120 అయ్యారు. ఆట దాదాపు ఊడిపోయి మిగిలిందని మీ పేజీలో నేనైతే చూడలేదు, చూసి ఉంటే క్షమించండి.

స్థలం లేదంటారు, తెలుసు. క్రికెట్‌కి రెండు పేజీలు పోగా మిగిలేది ఆ మూలే. పేజీ పెంచమని అడగడం లేదు, ఆ నాలుగు లైన్లే ఇవ్వండి. 'స్నాచ్ 215, క్లీన్ అండ్ జెర్క్ 255, మొత్తం 470. రజతానికి తేడా 3 కిలోలు' అని వేస్తే ఒక్క లైనుకి మించి పట్టదు. 'భారీకాయుడి బలప్రదర్శన' తీసేస్తే ఆ చోటు మీకు అక్కడే దొరుకుతుంది.

ఇట్లు,
మీ క్రీడల పేజీని వెనకనుంచి ముందుకి చదివే ఒక పాఠకుడు